అరవై వేలు కట్టే ముందు

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఆఖరి సంవత్సరం. పన్నెండు కథలు రాసింది. రూ.60 వేలు కడితే పుస్తకం వేస్తామని ఒక సంస్థ అంటోంది. కట్టమంటారా?
– ఒక తండ్రి, నంద్యాల

జవాబు: ఇప్పుడే కట్టకండి. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం తప్పేమీ కాదు, తెలుగులో చాలా కథాసంపుటాలు అలాగే వస్తున్నాయి. కాకపోతే అక్కడ పెట్టుబడి మీది. ఎన్ని కాపీలు, ఎన్ని పేజీలు, ఏ కాగితం, ప్రూఫులు ఎవరు దిద్దుతారు, అమ్ముడుపోనివి ఎవరికి చెందుతాయి అన్నవి రాయించుకోవాలి. ఐఎస్‌బీఎన్‌కు (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) విడిగా డబ్బడిగితే అనుమానించండి. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. రచయితే దరఖాస్తు చేసుకోవచ్చు.

అసలు చిక్కంతా ఒప్పందంలోనే. ‘సర్వహక్కులూ ప్రచురణకర్తవే’ అన్న వాక్యం కింద సంతకం పెడితే సినిమా, ఆడియో, అనువాద హక్కుల మీద కూడా పేచీ వస్తుంది. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీకి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఇది తెలిసినవాళ్లే ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని ముందే టైపు చేసి తెస్తారు. దాన్ని కొట్టేయించి ‘అచ్చు హక్కు మాత్రమే, మూడేళ్లు’ అని రాయించండి. కుదరదంటే లేచి వచ్చేయండి.

వెయ్యి కాపీలైతే చవక అంటారు. నిజమే, కానీ మిగిలిన కట్టలు మీ మంచం కిందికే వస్తాయి. డిజిటల్ ప్రింటింగ్‌లో వంద వేయించి, అయిపోతే మళ్లీ వేయించుకోవచ్చు.

ఈలోగా కథలను ఆదివారం అనుబంధాలకు, వారపత్రికలకు, ఈమాట, సారంగ లాంటి వెబ్ పత్రికలకు పంపనివ్వండి. ఫైలు యూనికోడ్‌లో (ఫోన్లలో, నెట్‌లో ఎక్కడైనా తెరుచుకునే తెలుగు అక్షరాల పద్ధతి) ఉండాలి, పాత డీటీపీ ఫాంట్లయితే అవతల తెరిచేసరికి అక్షరాలు చెల్లాచెదురవుతాయి. ఒక కథ ఒకసారికి ఒక్కచోటికే. ఫేస్‌బుక్‌లో పెట్టేసిన కథను చాలామంది ఎడిటర్లు తీసుకోరు.

యువ రచయితల కోసం కేంద్రం పెట్టిన పీఎం యువ పథకం గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. ఎంపికైన 30 ఏళ్లలోపు వారికి నెలకు రూ.50,000 చొప్పున ఆరు నెలలు ఇస్తారు, నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకం వేస్తుంది. అయితే అంశం వాళ్లే నిర్ణయిస్తారు. 2025 విడతలో కాల్పనికేతర రచనలే అడిగారు, కథల సంపుటి పనికిరాదు. స్థానిక చరిత్ర మీద ఆసక్తి ఉంటే మాత్రం ఇప్పటినుంచే సమాచారం పోగేసుకోమనండి. ప్రతిపాదనే పదివేల పదాల దాకా రాయాలి.

సాహిత్య అకాడమీ యువ పురస్కారానికి పుస్తకం కావాలి కదా అంటారేమో. దాని వయోపరిమితి 35 ఏళ్లు, కాబట్టి తొందరేం లేదు.