టెక్ సందేహాలు: కొత్త ఇంటి ప్లాను మీద పాత యజమాని పేరు

దాళ్వా కోతలై, కాలువలు కట్టేసే రోజులు దగ్గరపడితే డెల్టాలో ఇంటిపని, మట్టిపని చేసేవాళ్లకు తీరిక ఉండదు. అందుకేనేమో ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఫోన్ల గొడవ తగ్గి డ్రాయింగుల గొడవ పెరిగింది. తిప్పి తిప్పి అన్నీ కాగితం కింద కుడి మూలన ఉండే చిన్న పెట్టె దగ్గరికే, అంటే టైటిల్ బ్లాకు దగ్గరికే వచ్చి ఆగాయి.

అమలాపురంలో ఒక ఇంజినీరు గారి దగ్గర ఇళ్ల ప్లాన్లు గీస్తుంటాను. కొత్త పని రాగానే పాత ఫైలు తెరిచి, వేరే పేరుతో సేవ్ చేసి, టైటిల్ బ్లాకులో వివరాలు మారుస్తాను. మొన్న సర్వే నంబరు, తేదీ మార్చాను గాని యజమాని పేరు మార్చడం మరిచాను. పార్టీ ఎదుటే ఇంజినీరు గారు కోప్పడ్డారు. ఆటోక్యాడ్‌లో దీనికి సరైన పద్ధతి చెప్పండి సార్.

ముందు ఆ పాత ఫైలు తెరిచే అలవాటు మానండి. పాత ఫైలులో పేరు, నంబరు, తేదీ అన్నీ అప్పటికే నిండి ఉంటాయి. నిండిన గడి కంటికి ఆనదు, ఖాళీ గడి అయితే వెంటనే కనిపిస్తుంది. కాబట్టి మీకు కావలసింది ఖాళీ గడులతో ఉన్న టెంప్లేటు, అంటే డీడబ్ల్యూటీ ఫైలు. ఒక్క పూట కూర్చుంటే తయారవుతుంది.

కాగితంతో మొదలుపెట్టండి. ఏ3 అంటే 420 × 297 మిల్లీమీటర్లు. ఎడమవైపు ఫైలుకు గుచ్చడానికి 20, మిగతా మూడు వైపులా 10 చొప్పున వదిలితే లోపలి చట్రం 390 × 277 వస్తుంది. ఇది ఐఎస్ఓ 5457 ప్రమాణం చెప్పే లెక్క. టైటిల్ బ్లాకు వెడల్పు 180 మిల్లీమీటర్లు ఉండాలని ఐఎస్ఓ 7200 అంటుంది. ఎందుకు 180? ఏ4 కాగితం వెడల్పు 210. అందులో ఎడమ 20, కుడి 10 తీసేస్తే మిగిలేది సరిగ్గా అంతే. అందువల్ల ఒకసారి గీసిన బ్లాకు ఏ4 మీదా కూర్చుంటుంది, ఏ0 మీదా కూర్చుంటుంది. పెద్ద కాగితాన్ని పద్ధతిగా ఏ4 సైజుకు మడిస్తే కింది కుడి మూల పైకి వస్తుంది, విప్పకుండానే పేరు చదవవచ్చు.

ఈ చట్రాన్ని మోడల్ స్పేస్‌లో, అంటే ఇల్లు గీసే చోటే, ఇంటి చుట్టూ వంద రెట్లు పెంచి గీసేవారు మన వైపు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. పాత ఆటోక్యాడ్ రోజుల నుంచి వచ్చిన వరస అది. మీరు మాత్రం లేఅవుట్‌లో, అంటే ప్రింటు కాగితాన్ని చూపే చోట, అసలు కొలతకు, మిల్లీమీటర్లలో గీయండి. ఇల్లు మోడల్‌లోనే ఉంటుంది, వ్యూపోర్టు అనే కిటికీలోంచి కాగితం మీదికి కనిపిస్తుంది. స్కేలు కుదరగానే వ్యూపోర్టుకు తాళం వేయండి. వేయకపోతే మౌసు చక్రం ఒక్కసారి తిరిగినా స్కేలు చెదురుతుంది.

ఇక అసలు సంగతి. గడుల్లో మామూలు టెక్స్టు రాయకండి, ఆట్రిబ్యూట్లు, అంటే ఏం రాయాలో అడిగి నింపుకునే గడులు, పెట్టండి. కమాండ్ లైనులో ఏటీటీ అని కొట్టి ఎంటర్ నొక్కితే పెట్టె తెరుచుకుంటుంది. అందులో మూడు గడులు ముఖ్యం. ట్యాగ్ అంటే ఆ గడికి యంత్రం వాడుకునే పేరు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. ప్రాంప్ట్ అంటే మిమ్మల్ని అడిగే ప్రశ్న: ‘యజమాని పేరు దస్తావేజులో ఉన్నట్టు’ అని పూర్తిగా రాయండి. డిఫాల్ట్ అంటే మీరేమీ రాయకపోతే మిగిలేది. అక్కడ పాత పేరు గాని, అందమైన గీత గాని పెట్టకండి. ఐదు ప్రశ్నార్థకాలు పెట్టండి. అసహ్యంగా ఉండాలి. అప్పుడే ప్రింటు తీసే కుర్రాడైనా పట్టుకుంటాడు.

ఆట్రిబ్యూట్లన్నీ పెట్టాక గీతలతో కలిపి బ్లాకుగా, అంటే ఒకే వస్తువుగా, కట్టాలి. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఆట్రిబ్యూట్లను ఒక్కొక్కటిగా ఏ వరసలో క్లిక్ చేస్తే ఆటోక్యాడ్ తర్వాత అదే వరసలో ప్రశ్నలు అడుగుతుంది. అన్నింటినీ ఒకేసారి చుట్టి ఎంచుకుంటే వరస తలకిందులవుతుంది. ఇప్పటికే అలా చేసి ఉంటే బ్లాక్ ఆట్రిబ్యూట్ మేనేజర్‌లో పైకీ కిందికీ జరుపుకోవచ్చు. ఏటీటీడీఐఏ అనే సెట్టింగు విలువను 1గా మారిస్తే ప్రశ్నలన్నీ ఒకే పట్టికలో వస్తాయి.

ఏమేం ఉండాలన్న దాంట్లో నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. మీరు ఊళ్లో లేనప్పుడు ఆ కాగితం పట్టుకున్న మనిషి ఫోనులో ఏం అడుగుతాడో అవే ఉండాలి. ఎవరి ఇల్లు, ఏ ఊరు, ఏ మండలం, ఆర్.ఎస్. (రీసర్వే) నంబరెంత, స్థలం ఎన్ని గజాలు, ఎన్ని చదరపు మీటర్లు, ఎవరు గీశారు, ఎవరు చూశారు, డ్రాయింగు నంబరెంత, ఎన్నో మార్పు, నాలుగింటిలో ఇది ఎన్నో షీటు. సగం పెట్టెను ఆక్రమించే లోగో, వినాయకుడి బొమ్మ, మూడు ఫోను నంబర్లు, ‘మీ కలల ఇంటికి మా హామీ’ వంటివి విజిటింగ్ కార్డుకు పంపేయండి. ఉత్తర దిక్కు బాణం మాత్రం పెట్టెలో కాకుండా ప్లాను పక్కనే పెద్దగా ఉండనివ్వండి. వాస్తు చూసే పెద్దమనిషి కాగితాన్ని ఎటు తిప్పినా అది కనిపించాలి.

ఫైలు పేరు, షీటు పేరు యంత్రానికి ముందే తెలుసు. వాటిని మీరు రాయడం దండగ, డిఫాల్ట్ గడి పక్కన ఉన్న బొత్తాం నొక్కి ఫీల్డుగా, అంటే యంత్రమే నింపుకునే రాతగా, పెట్టేయండి, ఫైలు పేరు మారినప్పుడు ఇక్కడా మారుతుంది. అయితే ఈ ఉత్సాహంలో తేదీని కూడా ఫీల్డుకు అప్పగించకండి. నేటి తేదీ చూపే ఫీల్డు పెడితే ఫైలు తెరిచిన ప్రతిసారీ తేదీ ముందుకు జరుగుతుంది. సంక్రాంతికి ఇచ్చిన ప్లాను ఉగాదికి తెరిస్తే ఉగాది తేదీ చూపిస్తుంది. రేపు తగాదా వస్తే ఏ తేదీన ఇచ్చారో చెప్పలేరు. ఇచ్చిన తేదీ చేత్తోనే రాయాలి. ప్రింటు తేదీ కావాలంటే చట్రం బయట, అంచున చిన్న అక్షరాల్లో ఫీల్డుగా పెట్టుకోండి.

స్కేలు కూడా అంతే. ప్లాట్ స్కేల్ అనే ఫీల్డు ఉంది కదా అని పెడితే లేఅవుట్‌లో అది 1:1 అని చూపిస్తుంది. ఎందుకంటే కాగితం అసలు కొలతకే ప్రింటవుతోంది, తగ్గించి చూపిస్తున్నది వ్యూపోర్టు. పైగా మనం ఇళ్లను అడుగులు, అంగుళాల్లో గీస్తాం, కాగితమేమో మిల్లీమీటర్లలో ఉంటుంది. ఈ రెండింటి మధ్య 25.4 ఉంది. అంగుళాల ప్లానును 1:100లో చూపాలంటే వ్యూపోర్టు స్కేలు 0.01 కాదు, 0.254. మేస్త్రులకు అలవాటైన ‘అంగుళానికి ఎనిమిది అడుగులు’ కావాలంటే అది 1:96, అంటే 25.4ను 96తో భాగించాలి. ప్రతిసారీ లెక్క వేసుకోనక్కర్లేదు. స్కేళ్ల జాబితాలో ‘1:100 అంగుళాలు’ అని పేరు పెట్టి, కాగితం యూనిట్లు 25.4, డ్రాయింగు యూనిట్లు 100 అని ఒకసారి చేర్చి టెంప్లేటులో దాచుకోండి.

భీమవరం దగ్గర రొయ్యల చెరువులకు లేఅవుట్లు గీసిస్తాను. టైటిల్ బ్లాకులో స్కేలు 1:500 అని స్పష్టంగానే రాశాను. పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపితే పొక్లెయిన్ వాళ్లు ఊళ్లో ప్రింటు తీయించి, స్కేలుబద్దతో కొలిచి, గట్టు తక్కువలో ముగ్గు పోశారు. తప్పు ఎవరిది?

మీరు ఏ3 మీద గీశారు, వాళ్లు జిరాక్సు షాపులో ఏ4 మీద తీయించారు. ‘కాగితానికి సరిపెట్టు’ అన్న గుర్తు ప్రింటు పెట్టెలో ముందే పడి ఉంటుంది, దాన్ని ఎవరూ తీయరు. ఏ3ని ఏ4కు కుదిస్తే ప్రతి గీతా సుమారు 70.7 శాతానికి తగ్గుతుంది. మీ 1:500 కాస్తా 1:707 అయిపోయింది. 60 మీటర్ల గట్టు ఏ3 మీద 120 మిల్లీమీటర్లు ఉండాలి. వాళ్ల చేతిలోని కాగితం మీద 85 మాత్రమే ఉంది. దాన్ని 500తో హెచ్చిస్తే 42న్నర మీటర్లు. వాళ్ల కొలత సరైనదే, కాగితమే వేరు.

అందుకే వట్టి ‘1:500’ ఎప్పుడూ రాయకండి. ‘స్కేలు 1:500, ఏ3 మీద’ అని రాయండి. దాని పక్కనే గీత స్కేలు పెట్టండి: 0, 10, 20, 50 మీటర్లు గుర్తించిన నలుపు తెలుపు పట్టీ. కాగితం కుంచించుకుంటే పట్టీ కూడా కుంచించుకుంటుంది కాబట్టి దాంతో పోల్చి కొలిస్తే ఏ ప్రింటు మీదైనా లెక్క తప్పదు. వాట్సాప్ కాలంలో అంకె స్కేలు కన్నా పట్టీయే నమ్మకం. ‘కొలిచి పని చేయరాదు, రాసిన కొలతలే ప్రమాణం’ అన్న వాక్యం కూడా ఉంచండి, తెలుగులోనే. ఆ కాగితం చదివేది ఇంజినీరు కాదు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. పంపిన డ్రాయింగులో గట్టు మట్టం, చెరువు అడుగు మట్టం, తూము మట్టం ఉన్నాయి గాని వాటికి ఆధారం ఏమిటో ఎక్కడా లేదు. మన డెల్టాలో నేల వాలు ఎంత తక్కువో మీకు తెలుసు. జానెడు తేడా వస్తే చెరువు నీళ్లు డ్రెయినులోకి పోవడం మాని డ్రెయిను నీళ్లే చెరువులోకి వస్తాయి. టైటిల్ బ్లాకు పైన నోట్సులో ‘మట్టాలు మీటర్లలో. రోడ్డు పక్క కల్వర్టు గోడ పైభాగం 10.000గా తీసుకున్నది’ అని ఒక వాక్యం, అది ఏ కల్వర్టో తెలిసేలా చిన్న గుర్తు ఉంటే చాలు.

రావులపాలెం నుంచి రాస్తున్నాను. టైటిల్ బ్లాకులో మా ఆఫీసు పేరు తెలుగులో పెడితే ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. నా కంప్యూటర్‌లో బాగుచేసుకుంటే ఇంజినీరు గారి కంప్యూటర్‌లో ఏవో ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తున్నాయి.

ఇవి రెండు వేర్వేరు జబ్బులమ్మా. ప్రశ్నార్థకాలు వచ్చినప్పుడు మీ టెక్స్టు స్టైలు ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంటులో ఉంది. అవి గీతలతో కట్టిన పాత తరహా ఫాంట్లు, వాటిలో తెలుగు అక్షరాలు లేవు. రెండోసారి మీరు అను ఫాంటు వాడినట్టున్నారు. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు వేసే షాపుల్లో అదే రాజ్యం గాని అది యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో దాని లోపలి ఇంగ్లిషు గుర్తులు బయటపడతాయి. డీడబ్ల్యూజీ ఫైలు, అంటే ఆటోక్యాడ్ డ్రాయింగు ఫైలు, తనతో ఫాంటును మోసుకుపోదు, ఇది గుర్తుంచుకోవాలి.

తెలుగుకు విడిగా ఒక టెక్స్టు స్టైలు చేసి విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ గాని, ఉచితంగా దొరికే మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు గాని పెట్టండి. అప్పటికీ వత్తులు చెదిరితే ఆఫీసు పేరు ఎలాగూ మారదు కాబట్టి ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో రాసి, అక్షరాలను గీతలుగా మార్చి, డీఎక్స్ఎఫ్‌గా సేవ్ చేసి బ్లాకులో కలిపేయండి. ఇక ఏ కంప్యూటర్‌లోనూ అది చెదరదు. బయటివాళ్లకు డీడబ్ల్యూజీ బదులు పీడీఎఫ్ పంపినా ఈ బాధ చాలావరకు తీరుతుంది.

తణుకులో డిప్లొమా మెకానికల్ చదువుతూ సాయంత్రాలు రైస్ మిల్లు యంత్రాలు చేసే వర్క్‌షాపులో డ్రాయింగులు వేస్తున్నాను. క్రాక్ సాఫ్ట్‌వేర్ వద్దనుకుంటున్నాను. ఉచిత వాటిలో టైటిల్ బ్లాకు కుదురుతుందా?

కుదురుతుంది, వద్దనుకోవడం మంచి పని. ఫ్రీక్యాడ్ వేసుకోండి, 2024 నవంబరులో దాని 1.0 వెర్షన్ వచ్చింది. డ్రాయింగు షీట్లు చేసే దాని టెక్‌డ్రా వర్క్‌బెంచ్‌లో ఐఎస్ఓ 7200 ప్రకారం చేసిన టెంప్లేట్లు దాంతోనే వస్తాయి. టెంప్లేటు మామూలు ఎస్వీజీ బొమ్మ. ఒక నకలు తీసి మీ సొంత ఫోల్డరులో పెట్టుకుని ఇంక్‌స్కేప్‌లో వర్క్‌షాపు పేరు చేర్చుకోండి. మార్చడానికి వీలైన గడుల దగ్గర ఫ్రీక్యాడ్ ఆకుపచ్చ గుర్తు చూపిస్తుంది, దాన్ని నొక్కి రాయడమే. ఏ వైపు చూపు కాగితం మీద ఎటు పడిందో చెప్పే ఫస్ట్ యాంగిల్ గుర్తు మరవకండి. ఎలివేటరు బకెట్టు బ్రాకెట్టును తిరగేసి కోసేస్తే రేకు తిరిగి రాదు. లిబ్రెక్యాడ్ తేలికే గాని అందులో ఆట్రిబ్యూట్లు లేవు, గడులు ఒక్కొక్కటీ చేత్తో మార్చుకోవాలి. అమలాపురం వారి కష్టం మీకూ మొదలవుతుంది.

నరసాపురం. టైటిల్ బ్లాకులో ఒక గీత జరపాలని ఎక్స్‌ప్లోడ్ చేశాను. పేర్లన్నీ పోయి ట్యాగులు కనిపిస్తున్నాయి.

వెంటనే అన్‌డూ కొట్టండి. ఎక్స్‌ప్లోడ్ చేస్తే, అంటే బ్లాకును విడగొడితే, ఆట్రిబ్యూట్లలో రాసినవి పోయి ట్యాగులే మిగులుతాయి. గీత జరపాలంటే బ్లాక్ ఎడిటర్‌లో జరపండి. ఆట్రిబ్యూట్లను చేర్చినా, జరిపినా ఏటీటీసింక్ అనే కమాండ్ కొడితే పాత షీట్లు కూడా సర్దుకుంటాయి. నిజంగానే విడగొట్టాల్సి వస్తే ఎక్స్‌ప్రెస్ టూల్స్‌లో బర్స్ట్ ఉంది, అది రాసిన పేర్లను మామూలు టెక్స్టుగా ఉంచుతుంది. ఫైలు ఇప్పటికే సేవ్ చేసి మూసేశారా? అయితే అదే ఫోల్డరులో అదే పేరుతో బీఏకే ఫైలు ఉందేమో చూడండి. దాని నకలు తీసి చివరి మూడక్షరాలు డీడబ్ల్యూజీగా మారిస్తే అంతకుముందు సేవ్ చేసిన డ్రాయింగు తెరుచుకుంటుంది.