తొమ్మిదేళ్ల పాప ఫోరెన్సిక్ సిరీస్ చూసి భయపడుతోంది.. మాన్పించాలా?

ప్రశ్న: మేం అమెరికాలోని న్యూజెర్సీలో ఉంటాం. మా బాబుకు 14 ఏళ్లు, పాపకు 9 ఏళ్లు. వేసవి సెలవుల్లో బాబు ఓటీటీలో ‘బోన్స్’ అనే క్రైమ్ సిరీస్ చూడటం మొదలుపెట్టాడు. సైన్సు, సరదా మాటలు ఉన్నాయి కదా అని మేమూ అభ్యంతరపెట్టలేదు. పాప కూడా అన్న పక్కనే కూర్చుని చూసేది. కొన్ని వారాలుగా పాప తన గదిలో పడుకోవడం లేదు. రాత్రిపూట బాత్రూమ్‌కు తోడు రమ్మంటోంది. ‘తలుపు గడియ పెట్టారా?’ అని పదే పదే అడుగుతోంది. బాబేమో పెద్దయ్యాక ఫోరెన్సిక్ సైంటిస్టునవుతానంటున్నాడు. ఇద్దరి చేతా మాన్పించాలా? - ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే పాప భయానికి ఆ సిరీస్ కారణమయ్యే అవకాశం ఎక్కువగా ఉంది. పాప చేత వెంటనే మాన్పించండి. బాబు చేత పూర్తిగా మాన్పించనక్కర్లేదు గానీ, అతడు చూసే పద్ధతి మాత్రం మారాలి.

ఫాక్స్ చానల్‌లో 2005 నుంచి 2017 వరకు 12 సీజన్లుగా ప్రసారమైన ‘బోన్స్’లో కథానాయిక మనిషి ఎముకలను పరీక్షించి మరణ కారణాన్ని తేల్చే శాస్త్రవేత్త కాబట్టి, ఆమె దగ్గరకు వచ్చేవి చాలావరకు కుళ్లిపోయిన, కాలిపోయిన, గుర్తుపట్టడానికి వీల్లేని శవాలే. సాధారణంగా ఎపిసోడ్ మొదలైన కొద్ది నిమిషాల్లో, పేర్లు పడకముందే, ఎవరో మామూలు మనుషులు తమ పనిలో తాముండగా అలాంటి శవం ఒకటి బయటపడుతుంది. కెమెరా దాన్ని దగ్గరగా చూపిస్తుంది. ఆ తర్వాత ప్రయోగశాలలో అదే శవం చుట్టూ నిలబడి పాత్రలు ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ మాట్లాడుకుంటాయి. తల్లిదండ్రులను ఏమరుపాటుకు గురిచేసేది ఈ సరదాయే. పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఆ హాస్యం కాస్త ఊపిరి పీల్చుకునే వీలిస్తుంది. తొమ్మిదేళ్ల పాపకు మాటల్లోని చమత్కారం సగమే అందుతుంది, శవం మాత్రం పూర్తిగా కనబడుతుంది. ఇరవై ఏళ్లు దాటిన వైద్య విద్యార్థులలోనే మొదటిసారి పోస్టుమార్టం చూసిన రోజు అన్నం తినలేని వాళ్లుంటారు.

అయినా, శవాల కన్నా కథే పాపను ఎక్కువగా బాధిస్తోందని నాకు అనిపిస్తోంది. ఆమె మిమ్మల్ని పుర్రెల గురించి అడగడం లేదు, తలుపు గురించి అడుగుతోంది. ఐదారేళ్లలోపు పిల్లలు సాధారణంగా కంటికి వికృతంగా కనిపించినదాన్ని చూసి భయపడతారు. ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చేసరికి చాలామందికి చావు అంటే తిరిగిరాకపోవడమని, అది ఎవరికైనా రావచ్చని అర్థమవుతుంది. కాబట్టి ‘ఇలా నిజంగా జరగవచ్చు, మన ఇంట్లోనూ జరగవచ్చు’ అనే ఊహ వారిని పట్టుకుంటుంది. ఈ సిరీస్‌లో బాధితులుగా పిల్లలు కూడా ఉంటారు. మొదటి సీజన్‌లోనే ఒక చిన్న బాబు మరణం చుట్టూ నడిచే కథ ఉంది, రెండో సీజన్‌లో మనుషులను అపహరించి బతికుండగానే పాతిపెట్టి డబ్బు అడిగే హంతకుడి కథ ఉంది. అటువంటి ఎపిసోడ్ చూసిన పిల్లకు ‘అదంతా మేకప్, నటన’ అని చెప్పినంత మాత్రాన ధైర్యం రాదు. అది నటన అని ఆమెకు తెలుసు. జరగడానికి వీలున్న విషయమని కూడా తెలుసు.

వయసు గుర్తు చూసి నిర్ణయించుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అమెరికా టీవీ రేటింగుల్లో ఈ సిరీస్‌కు సాధారణంగా ఉండేది టీవీ-14. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు తగదని చాలామంది తల్లిదండ్రులు భావించే అంశాలు ఇందులో ఉన్నాయన్నదే దాని అర్థం. పద్నాలుగు నిండిన ప్రతి పిల్లవాడికీ తగినదని అది హామీ ఇవ్వదు. రేటింగ్ పక్కన హింసకు, దుర్భాషకు, లైంగిక దృశ్యాలకు, ద్వంద్వార్థపు మాటలకు వేర్వేరు అక్షరాలు వేస్తారు గానీ, కుళ్లిన శవాన్ని దగ్గరగా చూపిస్తారనో, చనిపోయేది చిన్నపిల్ల అనో తెలిపే అక్షరం లేదు. మన దేశంలో 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలు యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ అనే ఐదు వర్గాలు చూపాలి, 13+ నుంచి పైవాటికి పేరెంటల్ లాక్ సదుపాయం ఇవ్వాలి. ఇవి ఉపయోగపడతాయి. కానీ మీ పిల్ల సున్నిత మనస్కురాలా, ఈమధ్య దగ్గరివాళ్లెవరైనా పోయారా, చీకటంటే ముందు నుంచీ భయమా అన్నది ఏ రేటింగుకూ తెలియదు, మీకే తెలుస్తుంది. ఎపిసోడ్ వివరణ ముందుగా చదివి, మొదటి పది నిమిషాలు మీరే చూస్తే, ఈ సిరీస్ విషయంలో రేటింగు కన్నా ఎక్కువే తెలుస్తుంది.

ఇక పాప సంగతి. ‘ఇంత పెద్దదానివయ్యావు, ఇంకా భయమేమిటి’ అనకండి, అన్నను కూడా అననివ్వకండి. పగటిపూట, నింపాదిగా ఉన్నప్పుడు, ఏ సన్నివేశం గుర్తుకొస్తోందో చెప్పమనండి. బొమ్మ గీసి చూపిస్తానంటే గీయనివ్వండి. ఆ కథల్లో వారం వారం హత్య జరగాలి కాబట్టే జరుగుతుందని, మీరుండే చోట అలాంటివి చాలా అరుదని, ఇంట్లో తన భద్రత చూసుకోవలసిన బాధ్యత అమ్మానాన్నలదని స్పష్టంగా చెప్పండి. రాత్రి తలుపు గడియను తనతో కలిసి ఒక్కసారే చూసి, ‘ఇద్దరం చూశాం కదమ్మా’ అని పడుకోబెట్టండి. అడిగినప్పుడల్లా లేచి వెళ్లి చూపిస్తుంటే అప్పటికి ఊరట దొరికినట్టే ఉంటుంది గానీ, అనుమానం ఇంకా బలపడుతుంది. మొదటి కొన్ని రాత్రులు తన మంచం పక్కన కూర్చోండి, తర్వాత కుర్చీని గుమ్మం దగ్గరకు జరపండి, ఆ తర్వాత మీ గదిలోంచి పలకరించండి. మీ మంచం మీదికి తెచ్చుకోవడం అలవాటు చేస్తే తిరిగి పంపడం కష్టమవుతుంది. ఆ వయసు పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పడుకోవడానికి గంట ముందే టీవీ, ఫోన్ ఆపేయడం మంచిది.

అయితే కారణం సిరీస్ ఒక్కటే అని ముందే తీర్మానించుకోవద్దు. బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఎవరి వల్లనైనా ఇబ్బంది పడిందా అని మెల్లగా కనుక్కోండి.

బాబు ఆసక్తి నిజమైనదైతే దాన్ని గౌరవించవలసిందే. చెల్లెలు పడుకున్నాక హాల్లో తక్కువ శబ్దంతో చూస్తానంటే ఒప్పుకోకండి, అతడికీ 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. సెలవు రోజు పగలు, పాప ఇంట్లో లేని వేళ, మీలో ఒకరు పక్కన కూర్చుని ఒక ఎపిసోడ్ చూడటం సరైన పద్ధతి. వారానికొకటి చొప్పున ప్రసారం చేయడానికి తీసిన కథలను వరుసగా నాలుగు చూస్తే, ఏ బాధా మనసులోకి ఇంకడానికి వ్యవధి దొరకదు. అందుకే ఆటోప్లే ఆపేయండి. చూశాక మాట్లాడండి. తెరపై నిమిషాల్లో వచ్చే డీఎన్ఏ ఫలితం నిజమైన ల్యాబుల్లో రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుందని, కటి ఎముక ఆకారాన్ని బట్టి ఆడో మగో ఎలా చెబుతారో, మెడ కింది జత్రుక ఎముక లోపలి కొస అతుక్కోవడం ఇరవైల చివరి దాకా సాగుతుంది కాబట్టి వయసు అంచనాకు అది ఎలా పనికొస్తుందో కలిసి చదవండి. శవం కనిపించగానే నవ్వడం, క్రూరమైన దృశ్యాలనే మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూడటం, చనిపోయిన వ్యక్తి గురించి ఏమీ అనిపించకపోవడం గమనిస్తే మాత్రం కొంతకాలం ఆపించి, ఎందుకో అడగండి.

సిరీస్ మానేసి, నేను చెప్పినట్టు చేస్తే చాలామంది పిల్లల్లో రెండు మూడు వారాల్లో భయం తగ్గుముఖం పడుతుంది. నెల దాటినా తగ్గకపోయినా, అంతకు ముందే బడికి వెళ్లనని మొండికేయడం, పక్క తడపడం, కారణం లేని కడుపునొప్పి, తిండి తగ్గడం, పీడకలలతో కేకలు వేసి లేవడం వంటివి కనిపించినా మీ పీడియాట్రీషియన్‌ను కలిసి, పిల్లల మానసిక నిపుణుల వద్దకు పంపమని అడగండి. ఇండియాలో ఇదే ఇబ్బంది ఉన్న తల్లిదండ్రులు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.