మ్యాప్ అమ్ముకోవచ్చు, మరి కుళాయిల చిట్టా ఎవరిది?

ప్రశ్న: తిరుపతిలో చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నాను. కాలినడక భక్తుల కోసం అలిపిరి, శ్రీవారిమెట్టు దారుల మ్యాప్ వేసి అమ్మాలనుకుంటున్నాం. రోడ్లు, మెట్లదారి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తీసుకున్నాం. మంచినీళ్ల కుళాయిలు మా తమ్ముడు నడిచి ఫోన్‌లో గుర్తించాడు. లాడ్జీలు గూగుల్ మ్యాప్స్ చూసి ఎక్కించాం. మండలాల హద్దులు ప్రభుత్వ వెబ్‌సైట్‌వి. అన్నీ ఫ్రీగా దొరికినవే కదా, అమ్మితే కేసవుతుందా? తమ్ముడు సేకరించింది కూడా అందరికీ ఇచ్చేయాలంటున్నారు, నిజమేనా?

జవాబు: ఫ్రీగా దొరికిందంటే డబ్బు అడగలేదని మాత్రమే అర్థం. షరతులు ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం 2012 సెప్టెంబరు నుంచి ఓపెన్ డేటాబేస్ లైసెన్స్ కింద ఉంది. మ్యాప్ వేసి అమ్ముకోవచ్చు, ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు. ‘© ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్స్’ అని, వాళ్ల కాపీరైట్ పేజీ అడ్రస్‌తో సహా, కంటికి ఆనే సైజులో మ్యాప్ మీదే వేయండి. ఎంతోమంది జీతం లేకుండా గీసిన మ్యాప్ అది. ఆ ఒక్క లైను దగ్గర పిసినారితనం వద్దు.

ఇక మీ తమ్ముడి కష్టం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అప్పటికే ఉన్న కుళాయిలను ఉంచుకుని, లేనివి మీ తమ్ముడి లెక్కలోంచి కలిపి ఒకే చిట్టా చేశారా? అయితే అది వాళ్ల డేటాబేస్‌కు కొనసాగింపు కింద లెక్క. దాంతో వేసిన మ్యాప్ బయటికి వచ్చాక, అడిగినవాళ్లకు ఆ చిట్టాను, లేదా మీరు కలిపిన భాగాన్ని, అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. అలా కాక కుళాయిలన్నీ మీ తమ్ముడు గాలిగోపురం నుంచి మోకాళ్లమెట్టు దాకా స్వయంగా చూసి రాసుకున్నవే అయి, వాళ్ల కుళాయిలు ఒక్కటీ వాడకుండా విడి పొరగా పైన వేస్తే, ఆ పొర మీదే. ఇవ్వక్కర్లేదు. మ్యాప్ డిజైన్ ఎలాగూ మీ సొంతం. నన్నడిగితే కుళాయిల చిట్టా ఇచ్చేయండి, దాహంతో ఎక్కేవాళ్లకు పనికొస్తుంది. కానీ అది మీ ఇష్టం.

అసలు చిక్కు లాడ్జీల దగ్గరే. గూగుల్ మ్యాప్స్‌లోంచి వివరాలు కాపీ చేసి వేరే మ్యాప్ తయారు చేయడాన్ని వాళ్ల నిబంధనలు ఒప్పుకోవు. 1957 కాపీరైట్ చట్టంలో మ్యాప్ కళాకృతి కిందికి, డేటాబేస్ సాహిత్య రచన కిందికి వస్తాయి. ఉత్త శ్రమ చాలదు, కాస్తయినా సృజన ఉండాలని 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, ‘లాడ్జి ఎక్కడుందనేది ఉత్త వాస్తవం’ అని మీ తరఫున వాదించవచ్చు. కానీ వాడేటప్పుడు ఒప్పుకున్న నిబంధనలు వేరే సంగతి. గెలిచే వాదన ఉందని కోర్టు మెట్లెక్కడం దేనికి? ఆ లాడ్జీలు తీసేయండి. రైల్వే స్టేషన్ చుట్టూ, గోవిందరాజస్వామి గుడి వీధుల్లో తిరిగి మళ్లీ రాసుకోండి. గూగుల్‌లో చూసినవి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి మాత్రం ఎక్కించకండి, అక్కడా తీసేస్తారు.

సొంతంగా చేసే ఇలాంటి సర్వేకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఆ వెసులుబాటు ఇచ్చాయి.

మండలాల హద్దులు తీసుకున్న పేజీలో లైసెన్స్ ఏమని రాసుందో చూడండి. 2017 నాటి గవర్నమెంట్ ఓపెన్ డేటా లైసెన్స్ అని ఉంటే, ఎవరి నుంచి తీసుకున్నారో చెప్పి వ్యాపారానికీ వాడుకోవచ్చు. ఏమీ రాయకపోతే ఫ్రీ అనుకోకండి. ప్రభుత్వ రచనలకూ 60 ఏళ్ల కాపీరైట్ ఉంటుంది, ఆ శాఖకు లెటర్ పెట్టి అడగండి. ఆ ఫైల్ పాతదైతే తిరుపతి ఇంకా చిత్తూరు జిల్లాలోనే కనిపిస్తుంది, కొత్త జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్ 4న.

మూలన చిన్న భారతదేశం బొమ్మ వేసే ఆలోచన ఉంటే సరిహద్దులు సర్వే ఆఫ్ ఇండియా మ్యాప్ ప్రకారమే ఉండాలి. తేడా వస్తే 1961 చట్టం కింద ఆరు నెలల దాకా జైలు, జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

మీ ఎక్సెల్ షీట్‌లో ప్రతి గుర్తు పక్కన ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు, ఏ తేదీన చూశారు అని ఒక కాలమ్ పెట్టండి. రేపు నోటీసు వస్తే నాలాంటి లాయరు ముందుగా అడిగేది ఆ కాలమ్ గురించే. ప్లేట్లు చేయించకముందే అది పూర్తిచేయండి.