స్టాక్ ఫొటోకి పది సెంట్లేనా? కొత్తవాళ్లకి లెక్క ఎలా ఉంటుంది

గుంటూరు నుంచి మీరడిగింది: ఫొటోలు వాడుకునే హక్కు అమ్మిపెట్టే సైటు షటర్‌స్టాక్‌లో 60 ఫొటోలు పెట్టాక రెండు నెలలకి ఒకటి అమ్ముడుపోయింది, ఖాతాలో 10 సెంట్లు పడ్డాయి, ఇది మోసమా అని.

మోసం కాదు, అక్కడ లెక్కే అంత. 2020 జూన్ నుంచి షటర్‌స్టాక్ మీకిచ్చే వాటా మీ ఫొటోల డౌన్‌లోడ్లను బట్టి మారుతుంది. ఏడాదిలో మొదటి 100 డౌన్‌లోడ్లకి 15 శాతం, 250 దాకా 20, 500 దాకా 25, అలా పెరిగి చివరికి 40. పెద్ద ప్యాకేజీ కొన్నవాళ్లకి ఒక్కో ఫొటో చాలా చవగ్గా పడుతుంది. అందులో మీ 15 శాతం ఎంత తక్కువ తేలినా 10 సెంట్లు మాత్రం ఇస్తారు. ఆ డబ్బుతో బ్రాడీపేటలో టీ కూడా రాదు, నిజమే. పైగా జనవరి 1న అందరూ మళ్లీ 15 దగ్గరికే వస్తారు. నవంబర్లో తంటాలు పడి మెట్టెక్కితే ఆ సుఖం నెలన్నరే.

ఇలాంటిదే మరో సైటు అడోబ్ స్టాక్‌లో ఈ మెట్ల గోల లేదు. ఫొటోకి 33 శాతం, మామూలు సబ్‌స్క్రిప్షన్ డౌన్‌లోడ్‌కి కనీసం 33 సెంట్లు. 25 డాలర్లు చేరాలి, మొదటి అమ్మకం నుంచి 45 రోజులు గడవాలి, అప్పుడే డబ్బు తీసుకోగలరు. కనీస రేటు మీదే లెక్కేస్తే 75 డౌన్‌లోడ్ల పైమాట. అందుకే ఐదారు సైట్లలో పెట్టుకోవద్దు, ఎక్కడికక్కడ మూడేసి డాలర్లు ఇరుక్కుపోతాయి. ఈ రెండూ చాలు. ఒకే ఫొటో రెంటిలోనూ పెట్టొచ్చు.

60 ఫొటోలకి నెలకి ఒక డౌన్‌లోడ్ కూడా రాకపోవడం వింతేమీ కాదు. ఫొటోలు వందల్లోకి చేరాలి, అదీ ఒకే దృశ్యం పది కోణాల్లో కాకుండా. ప్రకాశం బ్యారేజీ మీద సూర్యాస్తమయం ఇప్పటికే కుప్పలుగా ఉంది. మిర్చి యార్డు మీకు పక్కనే. టిక్కీల (మిర్చి బస్తాల) వరస, కల్లంలో ఆరబోసిన కాయలు, ఎర్ర కాయ పక్కన తెల్లబారిన తాలు కాయ: ఇలాంటివి వ్యవసాయ వ్యాసాలకీ మసాలా ప్యాకెట్లకీ కావాలి, తీసేవాళ్లు తక్కువ.

మిర్చితో ఒక చిక్కుంది. మధ్యాహ్నపు ఎండలో తీస్తే మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడలు చూపే గ్రాఫ్) బాగానే కనిపిస్తుంది కానీ అందులో ఎరుపు రంగు ఛానెల్ కుడి అంచుకి కొట్టుకుంటుంది. అప్పుడు కాయ మీది ముడతలు, మెరుపు పోయి ఎర్ర రంగు పూసినట్టు అట్టకట్టేస్తుంది. సైటువాళ్ల రివ్యూలో ఇలాంటివి తిరస్కరించొచ్చు. రా ఫార్మాట్‌లో (కెమెరా కుదించకుండా దాచే ఫైలు), ఎక్స్‌పోజర్ 0.7 స్టాప్ తగ్గించి తీయండి, మూడు రంగుల హిస్టోగ్రామ్ చూడండి. ఎడిటింగ్‌లో శాచురేషన్ (రంగుల గాఢత) పెంచాలని చెయ్యి దురద పెడుతుంది, ఆపుకోండి. ఎస్‌ఆర్‌జీబీ (వెబ్‌లో వాడే మామూలు రంగుల పద్ధతి) జేపెగ్‌గా దించి, 100 శాతం జూమ్‌లో నీడల్లో నాయిస్ (ఇసక రేణువుల్లాంటి చుక్కలు) వెతకండి. 4 మెగాపిక్సెళ్లు కనీసం ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపించుకుంటే ఫొటో సైజు తగ్గిపోతుంది, అందుకే అది పనికిరాదు.

సంచి మీద కంపెనీ ముద్ర కనబడితే చెరిపేయండి. హమాలీ ముఖం గుర్తుపట్టేలా ఉంటే ఆయన సంతకం చేసిన మోడల్ రిలీజ్ (ఫొటో వాడుకోవడానికి అనుమతి పత్రం) కావాలి. లేదంటే షటర్‌స్టాక్‌లో ఎడిటోరియల్ (ప్రకటనలకి కాక వార్తలు, వ్యాసాలకి) కింద పెట్టాలి. దానికి క్యాప్షన్ ముందు ఊరు, దేశం, తేదీ, ఆ తర్వాతే విషయం రాయాలి.

కీవర్డ్స్ (కొనేవాళ్లు వెతికే పదాలు) ఇంగ్లీషులో 25, 30 సరిపోతాయి. అడోబ్‌లో మొదటి పదికి ఎక్కువ విలువ, కాబట్టి ముందు ఎండు మిర్చి, కల్లం, ఆరబోత లాంటివి. ఇండియా, ఆహారం వెనక. ఫొటోలో లేని తాజ్‌మహల్ పేరు రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

ట్యాక్స్ ఫారం ఇప్పుడే నింపండి. డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను ఫారంలో పాన్ నంబరు ఇచ్చి భారత్-అమెరికా పన్ను ఒప్పందం క్లెయిమ్ చేస్తే, అమెరికా కొనుగోళ్ల మీద 15 శాతం కోత, వదిలేస్తే 30. పేరు పాన్ మీద ఉన్నట్టే రాయాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, మరోచోట పూర్తిగా ఉండటం మనవాళ్లలో మామూలే. పేపాల్, బ్యాంకు ఖాతాల్లో కూడా అదే పేరు ఉందో లేదో ఇప్పుడే సరిచూసుకోండి.