మడ అడవి పక్క చెరువులో చేపలు మాయం: బావురు పిల్లా, నీటికుక్కా?

మీ చెరువులో చేపల్ని తింటున్నవి ఏమిటని అడిగారు కదా, మీరు చెప్పినదాన్ని బట్టి అవి నీటికుక్కలే (ఇంగ్లీషులో otter). కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో బావురు పిల్లి (చేపలు పట్టే అడవి పిల్లి) కూడా ఉంది కానీ అది ఒంటరిగా వేటాడుతుంది. తెల్లవారుజామున నాలుగైదు కలిసి కీచుమంటూ ఈదాయన్నారు కదా, అలా గుంపుగా తిరిగేది నీటికుక్కే.

ఖాయం చేసుకోవడానికి:

1. గట్టు మీద జనం తిరగకముందే తడి బురదలో అడుగులు చూడండి. పిల్లికి నాలుగు వేళ్లే పడతాయి. నీటికుక్కకు ఐదు, మెత్తటి బురదైతే వేళ్ల మధ్య పొర గుర్తు కూడా కనిపిస్తుంది.

2. చాలామంది పట్టించుకోనిది వాటి పెంట. చెరువు చుట్టూ ఒకసారి నెమ్మదిగా నడవండి. గుంపంతా వచ్చి ఒకే చోట వేస్తుంది, ఎక్కువగా ఒడ్డున ఇసుక మీదో ఎత్తైన చోటో. తాజాది నల్లగా జారుగా ఉండి గాఢమైన చేపల వాసన వస్తుంది. ఎండినదాన్ని పుల్లతో కదిపితే పొడిపొడిగా రాలి, లోపలంతా పొలుసులు, ముళ్లు, పీత పెంకుల ముక్కలు మెరుస్తాయి. అలాంటి పెంట దొరికితే ఇక అనుమానం లేదు. అవి గట్టెక్కే దారి కూడా దాదాపు అదే.

3. కంచె ఆ దారి నుంచే మొదలుపెట్టండి. ఇనుప జాలీ అడుగు భాగాన్ని మట్టిలో పూడ్చి బయటివైపు వంచాలి. పైపైన కడితే కింద తవ్వుకుని దూరతాయి.

4. గట్టు మీద అవి దాక్కునే దట్టమైన పొదలు కొట్టించండి.

ఉచ్చులు, విషం మాత్రం దయచేసి వద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద ఇవి రక్షిత జంతువులు. పిల్లలతో ఉన్న నీటికుక్కల గుంపు కనిపిస్తే అటవీ శాఖ వాళ్లకు చెప్పండి.