తాతగారి రైఫిల్ గురించి రాసేముందు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. వారసత్వంగా వచ్చిన పాత సైనిక రైఫిల్‌ని గుర్తుపట్టి విలువ కట్టడం ఎలాగో చెప్తానని మొదలెట్టావు. రెండు పేజీలు గడిచినా తాతగారి యుద్ధమే నడిచింది గానీ తుపాకీ కనబడలేదు. ఇంట్లో చెప్పుకునే కథని కొట్టిపారెయ్యమనను. ఇనుము మీద ఉన్నదానితో సరిచూశాకే రాయి. 1942లోనే ఇంటికొచ్చేసిన మనిషి తెచ్చిన రైఫిల్ మీద 1944 అని ఉంటే, కథలో ఎక్కడో చిక్కుంది.

ముందు భద్రత. గొట్టం మనుషుల్లేని వైపు ఉండాలి, వేలు ట్రిగర్ మీద ఉండకూడదు. బోల్ట్ (తూటాని లోపలికి నెట్టి మూసే కడ్డీ) వెనక్కి లాగి, మ్యాగజైన్ ఖాళీ చేసి, ఛాంబర్‌ని (తూటా కూర్చునే గది) కంటితో చూసి వేలితో కూడా తడమాలి. లైసెన్సు సంగతి తేలకుండా దాన్ని ఎక్కడికీ మోసుకెళ్లొద్దని కూడా చెప్పు.

'ముద్రలు చూడండి' అని ఒక్క మాటతో వదిలేశావు. ఎక్కడ చూడాలి? బ్రిటిష్ రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ ఎస్ఎంఎల్ఈ రకంలో బోల్ట్ పిడి దగ్గర, చెక్క కర్ర మెడని పట్టుకున్న ఇనుప భాగం కుడివైపున కిరీటం, రాజు పేరు పొడి అక్షరాలు, తయారీదారు, సంవత్సరం, మోడల్ వరసగా ఉంటాయి. జర్మన్ కార్98కె రైఫిల్ అయితే రిసీవర్ (బోల్ట్ ఇమిడే ఇనుప ఒర) పైభాగం చూడాలి: 'బివైఎఫ్' అంటే ఓబర్న్‌డార్ఫ్‌లోని మౌజర్ కర్మాగారం, దానితో 43 ఉంటే 1943. రష్యన్ మోసిన్-నాగాంట్ మీద నక్షత్రం తూలా కర్మాగారానిది, త్రికోణంలో బాణం ఇజెవ్‌స్క్ కర్మాగారానిది. లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 ఎడమవైపు 'యు.ఎస్. ప్రాపర్టీ' అని కనబడగానే అమెరికా సైన్యం వాడిందని రాసేస్తారు. అది లెండ్-లీజ్ (యుద్ధకాలంలో అమెరికా మిత్రదేశాలకి ఆయుధాలిచ్చిన పథకం) కింద బ్రిటన్ కోసం సావేజ్ కంపెనీ చేసిన తుపాకీ. జపాన్ అరిసాకా రైఫిల్ రిసీవర్ మీద చక్రవర్తి ముద్ర, పదహారు రేకుల చామంతి, చెక్కుచెదరకుండా ఉంటే విలువ ఎక్కువ. జపాన్ లొంగుబాటు వేళ చాలావాటి మీద దాన్ని అరగదీశారు.

సీరియల్ నంబర్లకి ఇంకాస్త చోటివ్వు, ధర తేలేది అక్కడే. లీ-ఎన్‌ఫీల్డ్‌లో రిసీవర్, బారెల్ (గొట్టం), బోల్ట్ పిడి వెనకభాగం, ముందు కర్ర చివర అడుగుభాగం, ఈ నాలుగుచోట్లా ఒకటే నంబర్ ఉందా? బోల్ట్ నంబర్ వేరైతే ధర పడిపోవడం ఒక్కటే కాదు, హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ తూటా అడుగుకీ మధ్య ఖాళీ) తేడా ఉండొచ్చు. తెలిసిన తుపాకీ మెకానిక్ గేజ్ పెట్టి చూసేదాకా పేల్చకూడదు. నంబర్లు కలిసినా అంకెల అచ్చు పోల్చి చూడు. సోవియట్ డిపోల్లో మరమ్మతు చేసినప్పుడు పాత అంకెలు కొట్టేసి కొత్తవి గుద్దారు. వాటిని మొదటినుంచీ ఉన్న జోడీగా లెక్కగట్టకూడదు. 'డిపి' అనే అక్షరాలుంటే అది డ్రిల్లుకి కేటాయించిన తుపాకీ, తూటా పెట్టకూడదు.

నీ వ్యాసంలో నాకు అసలు నచ్చని వాక్యం 'శుభ్రంగా రుద్ది మెరిపించండి'. గరుకు కాగితంతో కర్ర రుద్దితే తనిఖీ ముద్రలు పోతాయి. ఇనుముకి కొత్తగా నల్లరంగు ఎక్కిస్తే, అక్షరాల అంచులు మొద్దుబారి, తుప్పు గుంటలు రంగు కిందే నిలిచి, కొనేవాడికి ఇట్టే దొరికిపోతుంది. పొడిగుడ్డతో తుడిచి, ఇనుముకి పలచగా నూనె పట్టిస్తే చాలు. గొట్టం లోపల మాత్రం వెలుతురు పెట్టి చూడాలి. పాతకాలపు ప్రైమర్లు (తూటా అడుగున నిప్పు రాజేసే మందు) వదిలిన ఉప్పు తేమని పీల్చి గుంటలు పెడుతుంది.

వేటకోసం కర్ర మాత్రమే కోసి ఉంటే సరైన కర్ర వెతికి మళ్లీ అమర్చొచ్చు. బారెల్ కోసినా, దుర్భిణికని రిసీవర్‌కి రంధ్రాలు పెట్టినా తిరిగిరాదు. ధరకి మాత్రం అమ్మేవాళ్లు అడిగే అంకెలు చూపకు. అదే తయారీ, అదే సంవత్సరం, అదే స్థితిలో ఉన్నది వేలంలో ఎంతకి అమ్ముడైందో చూపించు.

ఇంకొకటి. స్విస్ కె31 రైఫిల్ కర్ర మడమకున్న ఇనుప పలక విప్పితే, కొన్నిటిలో దాన్ని మోసిన సైనికుడి పేరు, దళం రాసిన చీటీ దొరుకుతుంది. స్క్రూడ్రైవర్ మొన స్క్రూ గాడికి సరిగ్గా సరిపోవాలి. చితికిన గాడి కూడా ధర తగ్గిస్తుంది. చీటీ దొరికితే అతని కథ రాయి, రెండు పేజీలైనా చదువుతాను.