పిల్లలిద్దరినీ ఆశ్రమంలో వేయమంటున్నారు, వేయాలా?

ప్రశ్న: మాది విజయనగరం. మా ఆయన తాపీ పని చేసేవారు, రెండేళ్ల కిందట పోయారు. నేను ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక భోజన హోటల్లో పనిచేస్తున్నాను. మధ్యాహ్నం మూడింటికి వెళితే రాత్రి పదిన్నరకు ఇంటికి వస్తాను. నెలకు ఏడు వేలు ఇస్తారు. పాప మున్సిపల్ బడిలో అయిదో తరగతి, బాబు మూడో తరగతి. మేం బీసీలం. సాయంత్రం గదిలో పిల్లలిద్దరే ఉంటారు. పక్క వాటాలో తాగి గొడవలు పడుతుంటారు, పాప భయపడుతోంది. విశాఖలో ఒక ఆశ్రమం వాళ్లు ఇద్దరినీ ఉచితంగా ఉంచుకుని ఇంగ్లిషు మీడియం చదివిస్తామంటున్నారు. వాళ్ల కరపత్రం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పుట్టిన తేదీ పత్రాలు, టీసీలు అసలువే ఇమ్మన్నారు, ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. హాస్టల్లో చదివిన వాళ్లకే ఉద్యోగాలు వస్తాయని మా హోటల్లో అందరూ అంటున్నారు. పాప పోలీసు అవుతానంటుంది. వితంతు పింఛనుకు దరఖాస్తు పెట్టాను, ఇంకా రాలేదు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మిగతా సంగతులు తీరిగ్గా మాట్లాడుకుందాం.

మీరు పంపిన కరపత్రం నా బల్ల మీదే ఉంది. నునుపైన రంగుల కాగితం. స్టీలు పళ్లేలు ముందు పెట్టుకుని వరసగా కూర్చున్న పిల్లలు, వెనకాల దాత పుట్టినరోజు ఫ్లెక్సీ, ఒక బాబు చేతిలో కేకు ముక్క. ముఖాలన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. కింద రెండు ఫోను నంబర్లు, విరాళాలు పంపాల్సిన బ్యాంకు ఖాతా నంబరు. రిజిస్ట్రేషన్ నంబరు మాత్రం ఎంత వెతికినా కనిపించలేదు. ఇలా పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థా 2015 నాటి బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్టరై ఉండాలి. అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల ముఖం, పేరు, వివరాలు బయటపెట్టడం నేరం. పిల్లల ఫొటోలు చూపించి చందాలు అడుగుతున్నారంటే చట్టం సంగతి వాళ్లకు తెలియదనుకోవాలి, లేదా లెక్కలేదనుకోవాలి. రెండింటిలో ఏదైనా మీ పిల్లలను పంపేంత నమ్మకం నాకు కలగడం లేదు.

ఇంకో మాట. సంరక్షణ అవసరమైన బిడ్డను రిజిస్టరైన బాలల గృహంలో చేర్చాలా వద్దా అన్నది జిల్లాలోని బాలల సంక్షేమ కమిటీ విచారించి ఉత్తర్వు ఇస్తుంది. కన్నతల్లితో తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకుని, అసలు పత్రాలు పుచ్చుకుని, బిడ్డను ఊరు దాటించే పద్ధతి ఎక్కడా లేదు. వాళ్లు మళ్లీ వచ్చి ఒత్తిడి చేస్తే 1098కి ఫోను చేయండి. అది పిల్లల సహాయ నంబరు, డబ్బులు పడవు.

ఇక మీ ఇంటి సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బడిలో మధ్యాహ్న భోజనం ఉంది, రేషన్ బియ్యం వస్తున్నాయి. పిల్లలు బడి మానడం లేదు. అసలు చిక్కంతా మధ్యాహ్నం మూడింటికీ రాత్రి పదిన్నరకూ మధ్య ఉంది. ఆ వేళల్లో మీరు ఇంట్లో ఉండగలిగితే పిల్లలను ఎక్కడికో పంపాలన్న ఆలోచన మీకు వచ్చేది కాదనే నా నమ్మకం. కాబట్టి మొదటి ప్రశ్న హోటల్ యజమానిని అడగాల్సింది: ఉదయం టిఫిన్ల పనికి మారతానంటే ఒప్పుకుంటారా? జీతం రెండు వేలు తగ్గిస్తామంటారేమో. తగ్గించనివ్వండి. ఆ లోటు పూడ్చే దారి ఒకటి ఉంది.

కేంద్రం మిషన్ వాత్సల్య అనే పిల్లల సంరక్షణ పథకం కింద స్పాన్సర్‌షిప్ అనే సాయం ఇస్తోంది. తండ్రి పోయి తల్లి ఒక్కతే పెంచుతున్న బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. బిడ్డను ఇంట్లోనే ఉంచుకుని చదివించుకోమని ఇచ్చే డబ్బు అది. కుటుంబ ఆదాయం పల్లెల్లో అయితే ఏడాదికి 72,000, పట్టణాల్లో అయితే 96,000 దాటకూడదు. మీ ఏడు వేలను పన్నెండుతో హెచ్చిస్తే 84,000. పల్లెలో ఉంటే తప్పిపోయేది, పట్టణంలో ఉన్నారు కనుక లెక్కలోకి వస్తారు. ఇద్దరికీ విడివిడిగా దరఖాస్తు పెట్టండి. జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్లు ఇంటికి వచ్చి చూసి, నివేదిక రాసి కమిటీ ముందు పెడతారు. మంజూరైనా నెలనెలా ఠంచనుగా పడుతుందని మాత్రం భరోసా పెట్టుకోకండి, సర్కారు డబ్బు నడక మీకు నేను చెప్పక్కర్లేదు. బిడ్డ బడి మానితే సాయం ఆగిపోతుంది, హాస్టల్లో చేరినా ఆగిపోతుంది. ఈ రెండో షరతును గుర్తు పెట్టుకోండి, కింద దీనితో పని ఉంది.

పాప విషయానికి వద్దాం. తనకు ఒక సర్కారు దారి తెరిచి ఉంది, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం (కేజీబీవీ). ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే బడి. 2004లో మొదలైన పథకం ఇది. మన రాష్ట్రంలో 352 ఉన్నాయి. ఆరో తరగతిలో చేరడానికి ప్రవేశ పరీక్ష ఉండదు. తల్లిదండ్రులు లేనివారు, ఒక్కరే ఉన్నవారు, బడి మానేసినవారు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, పేద కుటుంబాల ఆడపిల్లలు, వీళ్ల కోసమే పెట్టారు. తండ్రి లేని బిడ్డ కనుక మీ పాపకు ప్రాధాన్యం ఉంటుంది. దరఖాస్తులు ఏటా మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో ఆన్‌లైన్‌లో తీసుకుంటారు. వెళ్లడం, వెళ్లకపోవడం జూన్‌లో తేల్చుకోవచ్చు, దరఖాస్తు మాత్రం పెట్టేయండి. గడువు దాటాక ఎవరి కాళ్లు పట్టుకున్నా లాభం ఉండదు.

పెట్టే ముందు బడిని చూసి రండి, పాపను తీసుకెళ్లండి. పది గంటల వేళ వెళితే ఏ బడైనా బాగానే కనిపిస్తుంది. సాయంత్రం, పిల్లలు బట్టలు ఉతుక్కునే వేళకు వెళ్లండి. కుళాయిలో నీళ్లు వస్తున్నాయా, పిల్లలు బకెట్లతో బోరింగు దగ్గర బారులు తీరారా చూడండి. మరుగుదొడ్డి తలుపులకు లోపలి గడియ ఉందా? రాత్రి అదే భవనంలో పడుకునే టీచరు ఎవరు? ఏఎన్ఎం (నర్సు) పోస్టు ఖాళీగా ఉందా? జ్వరం వస్తే ఏ ఆసుపత్రికి, ఎవరు, ఏ బండి మీద తీసుకెళతారు? ఇంటికి ఫోను చేసుకోవడానికి ఏ రోజు ఇస్తారు? ఇవన్నీ ఆ బడిని నడిపే స్పెషల్ ఆఫీసర్‌ను మొహమాటం లేకుండా అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి, బిడ్డ మీది. తల్లి, లేదా తల్లి ముందే రాసి ఇచ్చిన మనిషి తప్ప ఇంకెవరు వచ్చినా పాపను బయటికి పంపకూడదని రాతపూర్వకంగా ఇవ్వండి. బాబాయినని, మేనమామనని చెప్పుకుంటూ వచ్చేవాళ్లు ఉంటారు.

ఏ మండలంలోని కేజీబీవీ అన్నది ఎంచుకునేటప్పుడు కాంప్లెక్స్ నుంచి ఒకే బస్సులో వెళ్లగలిగేది చూసుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు, ఆధార్ చూపిస్తే చాలు. నెలకు రెండుసార్లు వెళ్లి చూసి రావడానికి ఖర్చు అడ్డు కాదు. వెళ్లడం మానకండి. ఎవరూ రాని పిల్ల ఎవరో హాస్టల్లో అందరికీ వారం రోజుల్లో తెలిసిపోతుంది.

గురుకులాల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పట్టణ పేదలు ఏటా దెబ్బ తింటున్నారు. అయిదో తరగతిలో చేర్చుకునే ఏపీ గురుకుల విద్యాలయాల పరీక్షకు బీసీ, ఓసీ పిల్లలైతే మూడు, నాలుగు తరగతులు పల్లె బడుల్లోనే చదివి ఉండాలన్న నిబంధన ఉంది. ఎస్సీ, ఎస్టీలకు అది లేదు. కేంద్రం నడిపే వసతి బడి నవోదయలోనూ అంతే: కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలవి. మన జిల్లా నవోదయ శృంగవరపుకోట దగ్గర కిల్తంపాలెంలో ఉంది. పల్లెలకు మేలు చేయాలని పెట్టిన నిబంధనలే, కాదనను. కానీ కూలి కోసం పల్లె వదిలి వచ్చి టౌనులో ఒక్క గదిలో తలదాచుకుంటున్న మీలాంటి వాళ్ల పిల్లలు కాగితాల్లో పట్టణం పిల్లలైపోతారు. ఈ అన్యాయం ఎవరికి పట్టిందో నాకు కనిపించలేదు. బాబు ఇంకా మూడో తరగతే కనుక వచ్చే ఏడాది మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ గురుకులాల ప్రకటన పడినప్పుడు అర్హతల పేజీని ముందు పూర్తిగా చదివించుకోండి, ఆ తర్వాతే ఫీజు కట్టండి.

బీసీ హాస్టల్ వేరు, గురుకులం వేరు. హాస్టల్లో తిండీ పడకా మాత్రమే, చదువు పక్కనున్న సర్కారు బడిలో. గురుకులంలో అన్నీ ఒకే ప్రహరీ లోపల. అసలు ఇల్లే లేక రోడ్డు మీద, పనుల్లో ఉన్న పట్టణ పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే బడి చదువుల పథకంలో నేతాజీ సుభాష్ చంద్రబోస్ పేరుతో ఆవాసీయ విద్యాలయాలు అనే ఏర్పాటు ఉంది. మీ ఎరుకలో అలాంటి పిల్లలుంటే జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయంలో అడగమనండి.

ఇప్పుడు మీ హోటల్లో వాళ్ల మాట. హాస్టల్లో చదివితేనే ఉద్యోగమా? ఎచ్చెర్లలో ఉన్న శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీనే తీసుకోండి. పదో తరగతి మార్కులతో ఆరేళ్ల చదువుకు సీటు ఇస్తారు. వసతి లేని సర్కారు, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లో చదివిన పిల్లల మార్కులకు వెనకబాటు కింద 4 శాతం కలుపుతారు. ఇంటి నుంచి నడిచి వెళ్లి చదువుకునే పిల్లకు వచ్చే ఈ లాభం రెసిడెన్షియల్ బడి పిల్లకు రాదు. అలాగే ఎనిమిదో తరగతిలో రాసే జాతీయ ఉపకార వేతన పరీక్ష ఒకటి ఉంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు, నాలుగేళ్లు. అదీ వసతితో చదివే సర్కారు బడి పిల్లలకు వర్తించదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50. మీ మున్సిపల్ బడి హెడ్మాస్టర్‌కు ఈ సంగతి తెలిసే ఉంటుంది, అయినా ఎనిమిదో తరగతి మొదట్లోనే మీరే గుర్తు చేయండి.

పోలీసు ఉద్యోగానికి హాస్టల్‌తో పని లేదు. కానిస్టేబుల్‌కు ఇంటర్, ఎస్సైకి డిగ్రీ ఉండాలి. పరుగు పందెం ఉంటుంది, కాబట్టి ఇప్పటి నుంచే పాపను ఆటలకు పంపండి. ఆడపిల్లకు ఆటలేమిటని ఎవరైనా అంటే పట్టించుకోకండి. కేజీబీవీలో చేరితే మంచిదే, వ్యాయామ టీచరు ఉంటారు, చాలా చోట్ల ఇంటర్ దాకా అక్కడే చదువుకోవచ్చు.

నన్ను నిలదీసి అడిగితే నా మాట ఇది. ఉదయం పనికి మారగలిగితే ఇద్దరినీ ఇంట్లోనే ఉంచుకోండి, ఇద్దరికీ స్పాన్సర్‌షిప్ వచ్చే వీలుంది, 4 శాతమూ ఉపకార వేతనమూ పోవు. వీలైతే గది కూడా మారండి, ఆ పక్క వాటా గొడవల మధ్య పదకొండేళ్ల పిల్ల చదవలేదు. పని వేళలు మారకపోతే పాపను కేజీబీవీలో చేర్చండి. భద్రత కోసం కొన్ని లాభాలు వదులుకోవడం తప్పు కాదు. అప్పుడు బాబు సాయంత్రాలు ఒంటరివాడవుతాడు, వాడి స్పాన్సర్‌షిప్ డబ్బుతో బడి దగ్గరే ఎవరైనా పెద్దావిడ ఇంట్లో రాత్రి దాకా ఉండే ఏర్పాటు చేసుకోవాలి. ఏం చేసినా ముందు పాపను అడగండి. మీ ఉత్తరంలో తన భయం ఉంది, తన ఆశ ఉంది, వెళతానందో లేదో మాత్రం లేదు.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. పొద్దున్నే వెళ్లి స్పాన్సర్‌షిప్ కోసం అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అర్జీలోనే పింఛను సంగతీ రాయండి, పాత దరఖాస్తు నంబరు వేసి. తీసుకెళ్లాల్సినవి: మీ ఆయన మరణ ధ్రువపత్రం, పిల్లల ఆధార్, రేషన్ కార్డు, తహసీల్దార్ ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, బిడ్డ పేరుతో మీరు కలిసి తెరిచిన బ్యాంకు ఖాతా పుస్తకం. అన్నీ జిరాక్సులే ఇవ్వండి, అసలువి చూపించి వెనక్కి తెచ్చుకోండి. టీసీ ఇప్పుడే తీసుకోవద్దు. కేజీబీవీ జాబితాలో పేరు వచ్చి, పాప సరేనన్నాక తీసుకోవచ్చు.